ఖాళీ గడి

జయంతి భయస్తురాలు. ఎవరైనా ఆ మాట అంటే నొచ్చుకోదు, తనే ముందు చెప్పుకుంటుంది. వీధి చివరిదాకా వచ్చి, గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి పోయి చూసుకుంటుంది. గ్యాస్ చూసుకుని బయటికొచ్చాక, తాళం సరిగ్గా పడిందా అని ఇంకో అనుమానం. భర్త సుబ్రమణ్యం రేణిగుంటలో లెక్కల మాస్టరు. "నువ్వు దేవుడికి దండం పెట్టి, అది ఆయనకు అందిందో లేదో అని మళ్ళీ పోయి సూసొచ్చే రకం" అని ఏడిపిస్తుంటాడు. "అందకపోతే మీకే నష్టం" అని ఆమె తాళం ఇంకోసారి లాగి చూస్తుంది.

అట్లాంటి మనిషికి సాఫ్ట్‌వేర్ పని బాగానే కుదిరింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మందుల అంగడి పైన చిన్న ఆఫీసు. లాడ్జీల బుకింగులు, బళ్ళ హాజరు పట్టీలు, పాల కేంద్రాల పని, ఇట్లాంటివే వాళ్ళకు వచ్చేవి. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు కాస్త భయం ఉండటం మంచిదే. జయంతికి మాత్రం ఆఫీసు మొత్తానికి సరిపడా ఉండేది, అందుకే ఆమె రాసినవి పెద్దగా చెడిపోయేవి కావు.

ఆమె పుట్టిపెరిగింది ఐరాల దగ్గర పల్లెలో. నాయన పెంచలయ్య చెరకు పండించి బెల్లం వండేవాడు. అమ్మ సుబ్బులమ్మకు బడి మొహం తెలియదు కానీ, బయటికి ఏ పని మీద పోయినా కూతుర్ని బడి మానిపించి మరీ వెంట తీసుకుపోయేది. రేషన్ అంగడికి, ఆసుపత్రికి, బ్యాంకుకు, ఎక్కడికైనా అంతే. కౌంటరులో వాళ్ళు అడిగేవాటికి జవాబులు చెప్పేది జయంతే. "దీనికి నోరు జాస్తి, దీన్నే అడగండి" అనేది సుబ్బులమ్మ. తాను తెలివైన పిల్ల కాబట్టే అమ్మ తీసుకుపోతోందని జయంతి అనుకునేది, ఆ మురిపెం ఆమెకు చాలాకాలం ఉంది.

కార్తీక మాసంలో తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆఖరి రోజు పంచమీ తీర్థం. ఆ పూట ఊళ్ళో కాలు పెట్టే సందు ఉండదు. అమ్మవారి కోనేట్లో మునిగి తలెత్తేసరికి పక్కన ఉన్న మనిషి ఉండడు. అట్లా తప్పిపోయినవాళ్ళను కూర్చోబెట్టడానికి ఊరి చుట్టూ అక్కడక్కడా రేకుల షెడ్లు వేస్తారు. ఆ సేవ చేసే సంఘం ఒకటుంది. దాని పెద్ద సారంగపాణి గారు, ఉద్యోగం నుంచి రిటైరై, తిరునామం పెట్టుకుని పొద్దున్నే స్కూటరెక్కే మనిషి. ఏటా ఒక షెడ్డువాళ్ళు ఇంకో షెడ్డుకు ఫోను చేసి, "ఎర్ర కోక, ముక్కుపుడక, పుంగనూరు, ఉందా మీ దగ్గర?" అని అరుచుకునేవాళ్ళు. ఆ అరుపులతో విసిగిపోయి, ఈసారి కంప్యూటరులో పెట్టిద్దామని ఆయన జయంతి ఆఫీసు మెట్లెక్కాడు.

పని చూడటానికి చిన్నదే. షెడ్డులో ఉండే వాలంటీరు, తప్పిపోయి వచ్చిన మనిషి వివరాలు ఫోనులో ఎక్కిస్తాడు. ఆ ఫోను యాప్ వేరే ఊరివాళ్ళు ఎప్పుడో తమకోసం చేసుకున్నది. అందులోంచి వివరాలు జేసన్ అనే రూపంలో జయంతి దగ్గరికి వస్తాయి. జేసన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పేరు అని రాసి దాని పక్కన ఒక పేరు, ఊరు అని రాసి దాని పక్కన ఒక ఊరు, ఇట్లా వరసగా అక్షరాలు. మనిషి చదువుకోవచ్చు కానీ ప్రోగ్రాముకు అది ఒట్టి పాకం. దాన్ని అచ్చులో పోసి ఆబ్జెక్టుగా మారిస్తే తప్ప వెతకడానికి, పోల్చడానికి పనికిరాదు. ఆ అచ్చును క్లాస్ అంటారు. బెల్లం పొయ్యి దగ్గర పెరిగిన పిల్ల కాబట్టి, ఎవరు అడిగినా జయంతి ఇట్లాగే చెప్పేది. అచ్చులో ఏ గడి తప్పనిసరిగా నిండాలో, ఏది ఖాళీగా ఉన్నా పరవాలేదో, అది చేసేవాళ్ళు ముందే తేల్చుకోవాలి.

సారంగపాణి గారు ఒక్క విషయంలో పట్టుబట్టాడు. "అమ్మా జయంతీ, ఉత్త పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాం? తీర్థం రోజు ఎటు చూసినా మునెమ్మలే. పెళ్ళయిన ఆడవాళ్ళకు మొగుడి పేరు, మిగతావాళ్ళకు తండ్రి పేరు తప్పకుండా ఉండాల. అది లేకుంటే ఎవరి మునెమ్మ అని పిలుస్తాం?"

న్యాయమే అనిపించింది. అచ్చులో ఆ గడిని తప్పనిసరి చేసింది. పరీక్ష కోసం ఒక మనిషి వివరాలు కావలసి వస్తే ఆలోచించకుండా అమ్మవే పెట్టింది. పేరు సుబ్బులమ్మ, ఊరు ఐరాల, భర్త పేరు పెంచలయ్య. పాకం అచ్చులో చక్కగా దిగి, సుబ్బులమ్మ తెర మీదికి వచ్చింది. జయంతికి ముచ్చటేసింది కూడా.

తర్వాత సంఘం వాళ్ళందరి ముందు పెట్టి చూపించిన రోజు పరువు పోయింది. ఒక వాలంటీరు వయసు అన్నచోట అంకె వేయకుండా డెబ్బై అని అక్షరాల్లో కొట్టాడు. ఆ ఒక్క మనిషి అచ్చులో పట్టక ప్రోగ్రాము మొత్తం ఆగిపోయి తెర తెల్లబడింది. "తీర్థం రోజు ఇట్టయితే మన మొహాలు యాడ పెట్టుకోవాలమ్మా?" అన్నాడు సారంగపాణి గారు, మెల్లగానే. ఆ మెల్లగా అనడమే జయంతికి ఎక్కువ తగిలింది. ఇంటికి రాగానే కూర్చుని ప్రోగ్రాములో కొత్తగా ఒక మాట రాసింది. ఎవరి వివరమైనా అచ్చులో పట్టకపోతే దాన్ని వదిలేసి తర్వాతిది చూసుకో, ఆగవద్దు, అరవవద్దు అని. వదిలేసినవాటిని ఇంకోచోట రాసిపెట్టి, ఫలానాది పట్టలేదని చెప్పించాలి. అది ఆమెకు తెలుసు, రేపు చేద్దామనుకుంది. తెల్లారి కరెంటు పోతే ఎట్లా, వాన వస్తే ఎట్లా, నెట్ అందకపోతే ఎట్లా అని వేరే భయాలు మీదపడి ఇది మరుగున పడింది. ఇంత భయస్తురాలు ఆ ఒక్కదానికి భయపడలేదు, అదీ విచిత్రం.

తీర్థం రోజు పొద్దుటినుంచీ తుంపర. బస్సులు ఆగేచోటుకు దగ్గరగా షామియానా కింద బల్ల, దాని మీద జయంతి ల్యాప్‌టాప్, పక్కన పెద్ద తెర. మైకులో గోవింద నామాలు, వాటి మీద వాలంటీర్ల అరుపులు. ఆ అరుపుల్లో పేర్లు మాత్రం లేవు. తెర ఉంది కదా అని ఈ ఏడు ఎవరూ షెడ్డుకు షెడ్డుకు ఫోన్లు చేసుకోవడం లేదు. మొదట్లో అంతా బాగా నడిచింది. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక ముసలాయన, అన్న చేయి వదిలేసిన ఒక పాప, తెర మీద కనబడగానే వాళ్ళవాళ్ళకు దొరికారు. సారంగపాణి గారు కాఫీ తెప్పించి జయంతికి స్వయంగా అందించాడు.

ఎండ కాస్త మొహం చూపించేవేళకు ఒక మొగుడూపెళ్ళాం తడిబట్టలతోనే వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. పలమనేరు దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు. అతని పేరు మునికృష్ణ, ఆమె పేరు రెడ్డిరాణి.

"మేడం, మాయమ్మ కనపళ్ళా. చెంగమ్మ. మునిగి పైకొచ్చేతలికి పక్కన లేదు" అన్నాడు అతను.

జయంతి వెతికింది. తెర మీద ఒక చెంగమ్మ ఉంది కానీ ఆమెది పుత్తూరు, పెళ్ళికాని పిల్ల. "ఇంకా షెడ్డుకు చేరలేదన్నా. చేరంగానే దీంట్లో కనపడుతుంది. కూర్చోండి."

రెడ్డిరాణి కూర్చోలేదు. సంచిని గుండెకు పట్టుకుని నిలబడింది. "మా అత్తకు సక్కెర జబ్బు మేడం. పొద్దున్నే సూది ఏసినాం. మునిగినాక తింటానని టిఫిను ముట్టలేదు. సూది ఏసుకోని తినకుంటే పడిపోతాది."

జయంతి కుర్చీ ముందుకు జరుపుకుంది. మళ్ళీ వెతికింది, ఊరు పేరు పెట్టి, వయసు పెట్టి. లేదు. కాసేపాగి మళ్ళీ వెతికింది. లేదు. ఈలోపు ఇంకెవరో వచ్చారు, అత్త తప్పిపోయిందని. ఒక ముసలాయన వచ్చి తన ఇంటామె కనబడటం లేదని బల్ల పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళవీ లేవు. ఒక్కొక్కరికి లేదు, లేదు అనే చెప్పింది. ఇంతమంది ఆడవాళ్ళు ఒక్క షెడ్డుకూ చేరకుండా ఎటు పోయారు? ఆ అనుమానం వచ్చింది, వచ్చినదాన్ని జనం తోసేశారు.

"అన్ని షెడ్లూ దీంట్లో ఉన్నాయా మేడం?" అని అడిగాడు మునికృష్ణ.

"అన్నీ ఉన్నాయన్నా. ఇందులో లేదంటే ఏ షెడ్డులోనూ లేదనే" అంది జయంతి. తన పని మీద నమ్మకంతోనే అంది.

మునికృష్ణ ఇక ఆగలేదు. పెళ్ళాం వైపు తిరిగి, "షెడ్లల్లో లేకుంటే ఇంకేముండాది? నువ్వు ఈడుండు. నేను ఆసుపత్రికి పోయి ఆడ... అన్నీ సూసొస్తా" అన్నాడు. ఆసుపత్రిలో ఏం చూడటానికి పోతున్నాడో అతను చెప్పలేదు, ఇద్దరాడవాళ్ళకూ అర్థమైంది. రెడ్డిరాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒక్క నిమిషం అన్నా" అని జయంతి లేచి అతన్ని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు, అతను అట్లా పోతే తట్టుకోలేననిపించింది, అంతే. "ఇంకేమన్నా పేరు ఉందా ఆమెకు? పిలిచే పేరు? అడిగితే ఏమని చెప్పుకుంటుంది?"

"పేరు సెప్తాది, ఊరు సెప్తాది" అంది రెడ్డిరాణి ఏడుపు మింగుతూ. "నా పేరు గూడా సెప్తాది. మా మామ పేరొక్కటే ఆమె నోట్లో రాదు. ఆయన పొయ్యి ఎన్నేండ్లాయ, అయినా సెప్పదు. మొన్న పింఛను కాడ అడిగితే నగి నా పక్క సూపిచ్చింది, నేను సెప్పినా."

జయంతి చేయి ల్యాప్‌టాప్ మీదే ఆగిపోయింది.

ఐరాల రేషన్ అంగడి గుర్తొచ్చింది. గోనెసంచుల వాసన, ఇనుప కటకటాల వెనక డీలరు. "ఏమ్మా, మొగుడి పేరు?" అమ్మ జవాబు చెప్పేది కాదు. జయంతి భుజం మీద వేళ్ళు నొక్కేది. జయంతి మునివేళ్ళ మీద లేచి, గొంతెత్తి "పెంచలయ్య" అనేది. ఆసుపత్రిలోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. అమ్మ తనను వెంట తిప్పుకుంది తెలివైన పిల్లని కాదు. ఆ ఒక్క పేరు పలకడానికి. చిన్నప్పుడు కౌంటరు దగ్గర ఏం చేసిందో పరీక్ష రోజు కంప్యూటరు దగ్గరా అదే చేసింది. అమ్మ పక్కన నిలబడి పెంచలయ్య అని తానే కొట్టింది. అందుకే గడి నిండింది, అందుకే సుబ్బులమ్మ తెర మీదికి వచ్చింది.

పక్కన కూతురు లేని వాళ్ళ సంగతేమిటి? వాలంటీరు అడిగి ఉంటాడు, ఆమె నవ్వి ఊరుకుని ఉంటుంది, అతను గడి ఖాళీగా వదిలేసి ఉంటాడు. ఫోను యాప్ ఖాళీని ఒప్పుకుంటుంది. జయంతి అచ్చు ఒప్పుకోదు. ఒప్పుకోనిదాన్ని వదిలేయమని, అరవవద్దని చెప్పిందీ తానే.

ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ప్రోగ్రాము తెరిచింది. సారంగపాణి గారు అది చూసి పరుగున వచ్చాడు.

"అమ్మా, ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. బాగా పని చేస్తా ఉండేదాన్ని ఎందుకు కదిలిస్తావు? ఆ రోజు మాదిరి తెల్లబడితే ఇంతమందికి ఏం సమాధానం చెప్తాం?"

ఆయన భయం ఆమెకు తెలియనిది కాదు. ఆ తెల్లటి తెర రోజూ కలలోకి వస్తూనే ఉంది. అయినా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టే చెప్పింది. "పని చేయడం లేదు సార్. మొగుడి పేరు చెప్పని ఆడవాళ్ళందర్నీ ఇది పొద్దున్నించీ వదిలేస్తా ఉంది. తప్పు నాదే. వాళ్ళు షెడ్లల్లోనే ఉండారు. లేరని నేను చెప్తా ఉండా."

ఎవరో తిట్టారు. ఎవరో "ముందు సరిచెయ్యమ్మా" అన్నారు. సారంగపాణి గారు ఆమె వెనక కుర్చీ సరిచేశాడు.

ఆమె వాడే కాట్లిన్ భాషలో, ఒక గడి ఖాళీగా ఉండవచ్చని చెప్పాలంటే దాని రకం పక్కన ఒక ప్రశ్న గుర్తు పెడితే చాలు. భర్త పేరు దగ్గర ఆ గుర్తు పెట్టింది. అంత చిన్న పనికీ రెండుసార్లు తప్పు మీట నొక్కింది. ప్రోగ్రామును ఆపి, పొద్దుటినుంచీ వచ్చిన వివరాలన్నీ మొదటినుంచి చదివేట్టు మళ్ళీ నడిపించింది. తెర తెల్లబడింది.

షామియానా కింద గోల లేచింది. జయంతి తెరవైపు చూడలేదు, కళ్ళు మూసుకుని అమ్మవారి పేరు కూడా గుర్తురాక ఊరికే కూర్చుంది. గోల ఉన్నట్టుండి తగ్గింది. కళ్ళు తెరిస్తే తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి చేరుతున్నాయి. మునెమ్మ, రాజమ్మ, గుణమ్మ, ఎల్లమ్మ. వరస కిందికి పోతూనే ఉంది. అందరూ ఆడవాళ్ళే, ఒక్కరికీ భర్త పేరు గడి నిండలేదు. ఎవరు వచ్చి అడిగినా లేరనిపించుకుంటూ, వాళ్ళంతా పొద్దుటినుంచీ షెడ్లలో కూర్చునే ఉన్నారు.

"ఆడ! ఆడుండాది సూడు!" అని అరిచింది రెడ్డిరాణి. చెంగమ్మ, పలమనేరు, కోడలి పేరు రెడ్డిరాణి. యోగిమల్లవరం వైపు షెడ్డు.

జయంతి ఆ షెడ్డుకు ఫోను చేసింది. పెరుందేవి అనే కాలేజీ పిల్ల ఎత్తింది. "ఉన్నారు మేడం. ఎప్పుడో వచ్చినారు, అప్పుడే ఎక్కించినాను కదా. మీరు ఎవర్నీ పంపకపోతే వాళ్ళింకా రాలేదేమో అనుకుంటిమి. ఆమెకేమో చెమటలు పడతా ఉన్నాయి, కళ్ళు తిరగతా ఉన్నాయంటున్నారు. ఈడ చక్కెర పొంగలి ఒక్కటే ఉంది. షుగరు అని చెప్పినారు కదా, పెట్టాలంటే భయమేసి పెట్టలేదు మేడం."

రెడ్డిరాణి ఫోను లాక్కుంది. "పెట్టు తల్లీ! బిన్నా పెట్టు! తీపే పెట్టల్ల ఇప్పుడు. నోట్లో నువ్వే పెట్టు, వద్దన్నా పెట్టు!"

అవతల ఆ పిల్ల పరుగెత్తడం, ఎవరినో ఆకు తెమ్మనడం వినిపించాయి. ఫోను ఎవరూ పెట్టేయలేదు. మునికృష్ణ పెళ్ళాం చెవి దగ్గరే తన చెవి ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి పెరుందేవి రొప్పుతూ తిరిగొచ్చింది. "తింటా ఉన్నారు మేడం. ఇంకొంచెం అడగతా ఉన్నారు." మునికృష్ణ నేల మీదే కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఆటోలో పోయాక జయంతి మైకు తీసుకుని మిగిలిన పేర్లన్నీ తానే చదివింది. ముసలాయన భార్య పేరు వచ్చినప్పుడు ఆయన చేయెత్తి "నాదే, ఆమె నాదే" అన్నాడు. అందరూ నవ్వారు, జయంతి నవ్వలేకపోయింది. సారంగపాణి గారు పక్కకొచ్చి, "ఆ గడి తప్పనిసరి అన్నది నేను కదమ్మా. మా ఇంట్లో ఆమె కూడా నా పేరు చెప్పదు. అప్పుడు గుర్తు రాలేదు" అన్నాడు. ఆయన గొంతులో ఆ రోజటి పెద్దరికం లేదు.

పలమనేరు బస్సు ఆగేది అక్కడే కాబట్టి చెంగమ్మను అక్కడికే తీసుకొచ్చారు. చిన్న మనిషి, కొంగు నిండా తడి, చేతిలో ఇంకా పొంగలి ఆకు. కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళు నేలకు అందలేదు. జయంతి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని జరిగింది చెప్పింది. యంత్రం అనలేదు, నేను అనే చెప్పింది. మీ ఆయన పేరు లేదని నిన్ను పక్కన పెట్టేశాను, క్షమించు అవ్వా అంది.

చెంగమ్మ అంతా విన్నది. కోపం రాలేదు ఆమెకు, వింతగా ఉన్నట్టుంది. "ఆయప్ప పేరు సెప్పలేదని నేను లేకనే పోయినానా మ్మా?" అని అడిగింది. జయంతి తల వంచుకుంది. అవ్వే ఆమె తల మీద చేయి పెట్టి, "పోనీలే, బస్సొచ్చేసింది" అని లేచింది.

జనం పలచబడ్డాక జయంతి ఐరాలకు ఫోను చేసింది. నాయన పొలం దగ్గర ఉన్నాడట, అమ్మే ఎత్తింది. తిన్నావా అని అడిగింది, వానలో తడిసినావా అని అడిగింది.

"అమ్మా, నువ్వెప్పుడన్నా ఇట్టాంటి జనంలో తప్పిపోతే, మొగుడి పేరేందని అడిగితే ఏం సెప్తావు?"

సుబ్బులమ్మ నవ్వింది. "ఇదేం మాటే? నేనెందుకు సెప్పల్ల? పక్కన నువ్వుంటావు కదా."

ఫోను చెవి దగ్గర అట్లాగే పెట్టుకుని, జయంతి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.